విరళీకరణాన్ని చేతికి అందించడం: సిరంజి, స్లింకీ, పాత స్పీకరుతో

ధ్వని పాఠంలో సంపీడనం అన్న మాట పిల్లలకు తొందరగానే పట్టుబడుతుంది. నొక్కితే కణాలు దగ్గరవుతాయి, అంతే కదా అనుకుంటారు. చిక్కంతా దాని జత మాట విరళీకరణం దగ్గరే. "కణాలు దూరంగా ఉండే ప్రాంతం" అని నోట్సులో రాసుకుంటారు, పరీక్షలో అదే రాసి మార్కు కూడా తెచ్చుకుంటారు. కానీ ఆ ప్రాంతంలో గాలి ఉంటుందా, ఉండదా అని అడిగి చూడండి, చాలామంది తడబడతారు. మాటను నాలుకతో కాక చేత్తో నేర్పితే ఈ తడబాటు పోతుంది. కావలసిన సామాను మందుల షాపులో, స్టేషనరీ కొట్టులో, పాత రేడియోలో దొరికేదే.

ముందు నిర్వచనం సరిచేసుకుందాం. ఒక పదార్థం సాంద్రత దాని మామూలు సాంద్రత కంటే తగ్గడమే విరళీకరణం. తగ్గే పనినీ, తగ్గిన చోటునూ ఇదే మాటతో పిలుస్తాం. ఈ వాక్యంలో "మామూలు కంటే" అన్న ముక్కను వదిలేస్తే అర్థం మొత్తం జారిపోతుంది. విరళీకరణం అంటే శూన్యం కాదు. చుట్టూ ఉన్నదానితో పోలిస్తే పలచన, అంతే. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.225 కిలోలు తూగుతుంది. 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరం మీద ప్రామాణిక లెక్క ప్రకారం అది అరకిలో కంటే తక్కువ, అంటే 40 శాతం లోపే. 2014 మే 25న తెలంగాణ నుంచి మలావత్ పూర్ణ అక్కడికి చేరినప్పుడు ఆక్సిజన్ సిలిండరు అవసరం పడింది ఈ పలచదనం వల్లే. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడ కూడా 21 శాతమే. పాలు మారలేదు, సాంద్రత మారింది.

శిఖరం మీది పలచదనం ఒకచోట నిలిచి ఉండేది. ధ్వనిలోది అలా కాదు, పుట్టిన క్షణం నుంచీ పరిగెడుతూనే ఉంటుంది. నిలిచి ఉన్న దానితో మొదలుపెట్టి పరిగెత్తే దాని దగ్గరికి వెళ్తే పిల్లలకు సులువు.

సిరంజితో మొదలు

20 మి.లీ. సిరంజి సూది లేకుండా తీసుకోండి. పిస్టన్ చివర నల్ల రబ్బరు ఉన్న రకమే కావాలి. రబ్బరు లేకుండా అంతా ప్లాస్టిక్కే అయిన రకంలో గాలి కారి లెక్క చెడుతుంది. పిస్టన్‌ను 10 మి.లీ. గీత దగ్గర పెట్టి, ఆ తర్వాతే ముక్కును బొటనవేలితో గట్టిగా మూయండి. మూసి తర్వాత సర్దితే మొదటి కొలతే తప్పుతుంది. తరగతిలో పదిమంది చేతులు మారేటట్లయితే వేలి బదులు ముక్కుకు ఎమ్-సీల్ ముద్ద పెట్టి పూర్తిగా ఆరనివ్వండి.

లోపల ఉన్న 10 మి.లీ. గాలి బరువు సుమారు 12 మిల్లీగ్రాములు. ముక్కు మూసి ఉన్నంతసేపూ ఆ 12 మారదు. మారేది చోటు మాత్రమే. ఇప్పుడు పిస్టన్‌ను నెమ్మదిగా 12, 15, 18, 20 గీతల దాకా లాగుతూ, ఒక్కో చోట 12ను ఆ ఘనపరిమాణంతో భాగించమనండి. మొదట మి.లీ.కు 1.2 మి.గ్రా.గా ఉన్న సాంద్రత వరుసగా 1.0, 0.8, 0.67, 0.6 అవుతుంది. గ్రాఫు గీస్తే సరళరేఖ రాదు, వంపు తిరిగిన గీత వస్తుంది. 20 దగ్గర సాంద్రత సగమైంది. గాలి ఒక్క పిసరు కూడా బయటికి పోలేదు, సిరంజిలో ఏ మూలా ఖాళీగా లేదు. పిల్లల చేత ఈ రెండు మాటలూ గట్టిగా చెప్పించండి. "విరళీకరణంలో గాలి ఉండదు" అన్న పొరపాటు ఇక్కడే పోతుంది.

20 గీత దగ్గర పట్టుకుని ఉంచడం కష్టం. సిరంజి లోపలి వ్యాసం సుమారు 20 మి.మీ., లోపలి పీడనం బయటి గాలి పీడనంలో సగం. లెక్క వేస్తే దాదాపు 16 న్యూటన్ల బలం కావాలి, అంటే ఒకటిన్నర కిలో పైన బరువు మోసినట్టు. లోపలి గాలి లాగుతోందని పిల్లలు అంటారు. లోపలి గాలికి లాగే గుణం లేదు, బయటి గాలి ఎక్కువగా తోస్తోంది. ఈ దిద్దుబాటు ఇప్పుడే చేయకపోతే పై తరగతుల్లో స్ట్రా, పంపు, వాక్యూమ్ క్లీనర్ అన్నింటిలోనూ ఇదే తప్పు వెంటాడుతుంది.

వదిలేస్తే పిస్టన్ సరిగ్గా 10కి రాదు, 11 దగ్గరో 12 దగ్గరో ఆగుతుంది. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు: రబ్బరు రాపిడి, లేదా గాలి కారడం. ఏదో తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. 20 దాకా లాగి వెంటనే వదిలి ఎక్కడ ఆగిందో రాసుకోండి. మళ్లీ మొదటినుంచి చేసి ఈసారి అర నిమిషం పట్టుకుని వదలండి. రెండుసార్లూ ఒకేచోట ఆగితే రాపిడి. రెండోసారి ఇంకా పైన ఆగితే గాలి లోపలికి కారుతోంది. రాపిడికి రబ్బరు అంచు మీద ఒక చుక్క గ్లిజరిన్ చాలు. కొబ్బరినూనె రాయకండి, నూనెలకు రబ్బరు ఉబ్బి ఇంకా బిగుసుకునే ప్రమాదం ఉంది.

50 మి.లీ. సిరంజి దొరికితే చిన్న బెలూన్‌లో శనగగింజంత గాలి మిగిల్చి ముడి వేసి, మిగతా రబ్బరు కత్తిరించి లోపల వేయండి. పిస్టన్‌ను 15 దగ్గర పెట్టి ముక్కు మూసి 50 దాకా లాగితే బుడగ కళ్లముందే ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న గాలి పలచబడిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. దీనికి మాత్రం రెండు చేతుల బలమూ కావాలి.

పలచబడితే చల్లబడుతుంది

సిరంజిని నెమ్మదిగా లాగాం కాబట్టి లోపలి గాలి చుట్టుపక్కల నుంచి వేడి తీసుకుంటూ వచ్చింది. ఒక్కసారిగా పలచబడితే ఆ వ్యవధి ఉండదు, గాలి చల్లబడుతుంది. ఇది చూపడానికి ఖాళీ 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసా చాలు. 50 మి.లీ. గోరువెచ్చని నీళ్లు పోసి బాగా ఊపండి. వెలుగుతున్న అగరబత్తిని మూతి దగ్గర పెట్టి కొద్దిగా పొగ లోపలికి పోనిచ్చి మూత బిగించండి. రెండు చేతులతో గట్టిగా నొక్కి అయిదు సెకన్లు ఉంచి చటుక్కున వదలండి. లోపల పలచని మబ్బు కడుతుంది. మళ్లీ నొక్కితే మాయమవుతుంది. వెనక నల్ల కాగితం, పక్కనుంచి టార్చి వెలుగు ఉంటే వెనక బెంచీకీ కనబడుతుంది.

మబ్బు రాకపోతే పొగ చాలలేదని అర్థం. నీటి ఆవిరి బిందువుగా మారడానికి ఏదో ఒక నలుసు కావాలి, ఆ పని పొగ రేణువులు చేస్తాయి. నెమ్మదిగా వదిలినా రాదు. మరుగుతున్న నీళ్లు పోస్తే సీసా సొట్టపోతుంది, ప్రయోగం చెడుతుంది.

ధ్వనిలోని విరళీకరణం కూడా ఇలా చటుక్కున జరిగేదే. ఈ చిన్న విషయం న్యూటన్ లెక్కను దెబ్బతీసింది. పలచబడినా గాలి ఉష్ణోగ్రత మారదనుకుని ఆయన పద్ధతిలో లెక్కిస్తే 0 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 280 మీటర్లు వస్తుంది. కొలిస్తే వచ్చేది 331. సంపీడనంలో గాలి వేడెక్కుతుంది, విరళీకరణంలో చల్లబడుతుంది అని ఫ్రెంచి శాస్త్రవేత్త లాప్లాస్ గుర్తించి, పీడనాన్ని 1.4తో గుణించాక లెక్క కుదిరింది. ఇంటర్ పిల్లలకు లాప్లాస్ సవరణ చెప్పేముందు ఈ సీసా ఒకసారి నొక్కి చూపించండి. సూత్రంలో ఆ 1.4 ఎందుకొచ్చిందో తర్వాత వేరే చెప్పనక్కర్లేదు.

స్లింకీ: పరిగెత్తే విరళీకరణం

స్లింకీ అంటే చుట్లు చుట్లుగా సాగే మెత్తటి స్ప్రింగు బొమ్మ. ఉక్కుదే కొనండి. రంగుల ప్లాస్టిక్‌ది తేలిక, తరంగం సగంలోనే చచ్చిపోతుంది. నున్నటి గచ్చు మీద 3 మీటర్ల దూరానికి సాగదీసి రెండో చివర ఒకరిచేత కదలకుండా పట్టించండి. 90 చుట్లున్న స్లింకీ అయితే మీటరుకు 30 చుట్లు వస్తాయి. మధ్యలో నేల మీద 20 సెం.మీ. ఎడంతో రెండు సుద్దగీతలు గీస్తే వాటి మధ్య 6 చుట్లు ఉండాలి. ఇదే దాని మామూలు సాంద్రత. ఈ అంకె బోర్డు మీద రాసి ఉంచండి. ఒక చుట్టుకు ఎర్రదారం కట్టండి.

ఎక్కువమంది ముందుకు తోసి సంపీడనంతో మొదలుపెడతారు. ఇక్కడ తిరగేయడమే మేలు. మీ చేతిలోని చివరను 15 సెం.మీ. మీవైపు చటుక్కున లాగి అక్కడే ఆపండి. ముందుకు తోయకండి. అలా చేస్తే స్లింకీ వెంట ఒక్క విరళీకరణమే పోతుంది. అది మామూలు కంటికి అందదు. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి సుద్దగీతల మీద గురిపెట్టండి. విరళీకరణం గీతల మధ్యకు వచ్చిన ఫ్రేము దగ్గర ఆపి చుట్లు లెక్కపెడితే ఆరుకంటే తక్కువ ఉంటాయి. సున్నా మాత్రం ఉండవు.

అదే వీడియోలో ఎర్రదారాన్ని చూడండి. విరళీకరణం మీ నుంచి అవతలికి పోతోంది. దారం కట్టిన చుట్టు మాత్రం మీవైపు కదిలి ఆగింది. పాఠం మొత్తంలో అన్నిటికంటే విలువైన సంగతి ఇది. సంపీడనం పోతున్నచోట కణాలు తరంగం వెళ్లే దిక్కుకే కదులుతాయి, విరళీకరణం పోతున్నచోట ఎదురు దిక్కుకు కదులుతాయి. ఎర్రలైటు దగ్గర ఆగిన బళ్లను గుర్తుచేయండి. పచ్చలైటు పడగానే మొదటి బండి కదులుతుంది, దాని వెనక ఖాళీ పెరుగుతుంది, అప్పుడు రెండోది, తర్వాత మూడోది. బళ్లు ముందుకు పోతుంటే "ఎడం పెరగడం" అన్నది వెనక్కి పాకుతుంది. పోయే బండి వేరు, పాకే ఎడం వేరు.

చేసేటప్పుడు జరిగే తప్పులు చాలావరకు మణికట్టులోనే ఉంటాయి. చేయి పక్కకు ఊగితే తిర్యక్ తరంగం కలిసిపోయి స్లింకీ పాములా మెలికలు తిరుగుతుంది. చేతిని నేలకు ఆనించి, స్లింకీ పొడవు వెంటే లాగాలి. మరీ 5, 6 మీటర్లు సాగదీస్తే చుట్లు మళ్లీ దగ్గరికి రావు, స్లింకీ పాడవుతుంది. గరుకు నేల మీద రాపిడి మింగేస్తుంది. రెండో చివర గట్టిగా పట్టి ఉంటే విరళీకరణం విరళీకరణంగానే తిరిగొస్తుంది. ఆ చివరను మీటరు పొడవు దారంతో కట్టి వదులుగా ఉంచితే సంపీడనంగా మారి వస్తుంది. ఇది పిల్లలను అయోమయంలో పడేస్తుంది కాబట్టి మొదటిరోజు గట్టిగా పట్టించడమే మంచిది.

తిరిగే పళ్లెం

స్లింకీలో అంతా ఒక్క క్షణంలో అయిపోతుంది. తరంగాన్ని మనకు కావలసినంత నెమ్మదిగా నడిపించాలంటే క్రోవా పళ్లెం అనే పాత పద్ధతికి సాటి లేదు. ఒక గంట పని, ఏళ్ల తరబడి పనికొస్తుంది. మన బడుల్లో దీన్ని ఎందుకు వదిలేశారో గానీ, యానిమేషన్ వీడియోల కంటే ఇదే బాగా పట్టిస్తుంది, ఎందుకంటే తిప్పేది, ఆపేది చూసేవాళ్ల చేయే.

ఎ4 తెల్లకాగితాన్ని గట్టి అట్టకు అంటించి ఆరనివ్వండి. నడిమధ్యలో ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ 5 మి.మీ. వ్యాసార్ధంతో చిన్న వృత్తం గీయండి. కోణమానినితో 30 డిగ్రీలకొకటి చొప్పున ఆ వృత్తం మీద 12 బిందువులు గుర్తించి, గడియారం ముల్లు తిరిగే దిక్కులో 1 నుంచి 12 దాకా అంకెలు వేయండి. ఇక వృత్తలేఖిని ముల్లు 1 మీద గుచ్చి 20 మి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి. ముల్లును 2కు మార్చి 24 మి.మీ., 3 మీద 28 మి.మీ. ఇలా ఒక్కో అడుగుకు ముల్లు ఒక బిందువు ముందుకు, వ్యాసార్ధం 4 మి.మీ. పైకి. 12వ బిందువు మీద 64 మి.మీ. వస్తుంది. మళ్లీ 1కి వచ్చి 68తో కొనసాగించండి. ఇరవయ్యో వృత్తం 8వ బిందువు మీద 96 మి.మీ.తో పూర్తవుతుంది. మీ వృత్తలేఖిని అంత విచ్చుకోకపోతే అట్టపట్టీకి 4 మి.మీ.కొక రంధ్రం పొడిచి దానితో గీయొచ్చు. పెన్సిల్‌తో గీసి, అన్నీ సరిపోయాయని చూసుకున్నాకే సన్నటి నల్ల పెన్నుతో దిద్దండి.

నడిమి చుక్క చుట్టూ 102 మి.మీ. వ్యాసార్ధంతో పళ్లెం కత్తిరించి, సరిగ్గా ఆ చుక్కలోనే గుండుసూది దిగ్గొట్టి తిరిగేలా బిగించండి. 12 బిందువుల్లో దేనిలోనైనా గుచ్చితే అంతా వృథా. నల్ల చార్టు ముక్కలో 2 మి.మీ. వెడల్పు, 9 సెం.మీ. పొడవు చీలిక కోసి, సూదికి 1.5 సెం.మీ. దూరం నుంచి అంచు దాకా వచ్చేలా పళ్లెం మీద కదలకుండా నిలపండి. మనం అంకెలు గడియారం దిక్కులో వేశాం కాబట్టి పళ్లేన్ని దానికి ఎదురు దిక్కులో తిప్పితే చీలికలో తరంగం మధ్యనుంచి అంచువైపు నడుస్తుంది. అదే దిక్కులో తిప్పితే లోపలికి వస్తుంది. రెండు సెకన్లకు ఒక చుట్టు సరైన వేగం.

చీలికలో కనబడే చిన్న గీతలే గాలి పొరలు అనుకోండి. మామూలు ఎడం 4 మి.మీ. సంపీడనం మధ్యలో అది 1.4కు దగ్గరవుతుంది, విరళీకరణం మధ్యలో 6.6 దాకా పోతుంది. స్కేలు పెట్టి కొలిచి చూడొచ్చు. ఈ అంకెలు రాకపోతే ఎక్కడో ఒక బిందువు దాటేశారు. చిన్న వృత్తాన్ని 8 మి.మీ. చేస్తే పక్కపక్క గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, పళ్లెం పనికిరాదు.

ఇప్పుడు ఒకే గీత పక్కన పెన్సిల్ మొన పెట్టి తిప్పించండి. అది అటు 5, ఇటు 5 మి.మీ. ఊగుతూ తన చోటే ఉంటుంది, విరళీకరణాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి దాన్ని దాటి పోతుంటాయి. ఇంకొంచెం పరీక్షగా చూడండి. గీత తన ఊగులో చివరి కొసకు చేరినప్పుడు దాని చుట్టూ ఎడం మామూలుగా 4 దగ్గరే ఉంటుంది. ఎడం అన్నిటికంటే ఎక్కువయ్యేది గీత తన మధ్యస్థానాన్ని దాటుతూ వెనక్కి పోతున్నప్పుడు. అంటే కణం ఎక్కువ దూరం జరిగినచోట సాంద్రత తగ్గుతుందనుకోవడం తప్పు. పక్కపక్క కణాలు ఎదురెదురు దిక్కులకు జరిగి మధ్యలో ఎడం విడిచినచోటే తగ్గుతుంది.

గ్రాఫుల్లో జరిగే గందరగోళానికి మూలం ఇదే. నిలువు అక్షం మీద సాంద్రత గానీ పీడనం గానీ ఉంటే ద్రోణి (గీత దిగిన చోటు) విరళీకరణం, శృంగం (గీత ఎక్కిన చోటు) సంపీడనం. నిలువు అక్షం మీద కణాల స్థానభ్రంశం, అంటే అవి తమ చోటు నుంచి ఎంత జరిగాయన్నది, ఉంటే అలా కాదు. అక్కడ విరళీకరణం గీత సున్నాను దాటే చోట పడుతుంది. చాలా గైడుల్లో అక్షానికి పేరే ఉండదు. అక్షం పేరు రాయని గ్రాఫుకు జవాబు చెప్పకూడదని పిల్లలకు అలవాటు చేయండి.

పాత స్పీకరు

పాత రేడియోలోంచి తీసిన 4 అంగుళాల పేపర్ కోన్ స్పీకరు, 1.5 వోల్టుల పెన్‌సెల్, రెండు వైరు ముక్కలు తీసుకోండి. సెల్ ప్లస్‌ను స్పీకరు ప్లస్ కొసకు తాకిస్తే కోన్ ముందుకు గెంతుతుంది, తిప్పి తాకిస్తే వెనక్కి పోతుంది. వెనక్కి పోయినప్పుడు కోన్ ముందున్న గాలికి చోటు పెరిగి విరళీకరణం పుడుతుంది. అదే క్షణంలో కోన్ వెనక వైపు సంపీడనం. 9 వోల్టుల బ్యాటరీ వాడొద్దు, చిన్న స్పీకర్లలో కాయిల్ కాలిపోవచ్చు.

తాకించినప్పుడు ఒక 'టక్', తీసినప్పుడు ఇంకో 'టక్' వినబడతాయి, మధ్యలో నిశ్శబ్దం. కోన్ లోపలికే పోయి ఉంది కదా, విరళీకరణం ఎందుకు లేదు అని అడగండి. కోన్ ఆగిన మరుక్షణమే చుట్టుపక్కల గాలి వచ్చి సర్దుకుంటుంది, పుట్టిన విరళీకరణం ఈలోగా గది దాటిపోతుంది. ధ్వనిలో విరళీకరణం పుట్టేది కోన్ కదులుతున్నంతసేపే.

ఇక ఇదే స్పీకరును ఒక చిన్న ఆంప్లిఫయరుకు కలిపి పాట పెట్టండి, చేత్తో గాలిలో పట్టుకోండి. మద్దెల, బేస్ గిటార్ దాదాపు వినబడవు. ఇప్పుడు 60 సెం.మీ. చదరపు మందపాటి అట్ట మధ్యలో 9 సెం.మీ. రంధ్రం కోసి స్పీకరును దానికి ఆనించి బిగించండి. గొంతు ఒక్కసారిగా నిండుగా మారుతుంది. కారణం విరళీకరణమే. 100 హెర్ట్జ్ (సెకనుకు వంద ఊగులు) శబ్దానికి తరంగదైర్ఘ్యం, అంటే ఒక సంపీడనం నుంచి తర్వాతి సంపీడనానికి దూరం, దాదాపు మూడున్నర మీటర్లు, కోన్ ముందువైపు నుంచి వెనకవైపుకు దారి కొన్ని సెంటీమీటర్లే. ముందు పుట్టిన సంపీడనం అంచు చుట్టి వెనక విరళీకరణాన్ని పూడ్చేస్తుంది, రెండూ రద్దవుతాయి. అట్ట ఆ దారిని పొడుగు చేస్తుంది. స్పీకరు అంచుకూ అట్టకూ మధ్య సందు మిగిలితే ఫలితం సగమైపోతుంది, చుట్టూ టేపు వేయండి. స్పీకర్లను పెట్టెల్లో బిగించడానికి మొదటి కారణం ఇదే. ఇంత సంతృప్తినిచ్చే ప్రయోగం ధ్వని పాఠంలో ఇంకొకటి లేదు.

అసలు ధ్వనిలో ఎంత తగ్గుతుంది?

పళ్లెంలో, స్లింకీలో చూపినది విపరీతంగా పెంచి చూపిన బొమ్మ. ఈ మాట చెప్పకుండా పాఠం ముగించకూడదు. ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే దాదాపు 60 డెసిబెల్స్. అందులో పీడనం హెచ్చుతగ్గులు సుమారు 0.02 పాస్కల్. వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్స్. దాన్నిబట్టి సాంద్రతలో తేడా దాదాపు 70 లక్షల్లో ఒక వంతు. గాలి పొరల ఊగు, 1,000 హెర్ట్జ్ దగ్గర, మిల్లీమీటరులో సుమారు లక్షో వంతు. తలను 2 మిల్లీమీటర్లు పైకెత్తితే గాలి పీడనం ఎంత తగ్గుతుందో మాటలోని విరళీకరణంలోనూ దాదాపు అంతే తగ్గుతుంది. తలెత్తినప్పుడు ఏమీ వినబడదు, ఎందుకంటే చెవికి కావలసింది తగ్గుదల ఒక్కటే కాదు, సెకనుకు కనీసం 20 సార్లు తగ్గి పెరగడం.

పై హద్దు కూడా ఉంది. సంపీడనాన్ని ఎంతైనా పెంచొచ్చు, విరళీకరణం మాత్రం పీడనం సున్నా అయ్యేదాకానే. దానికంటే కిందికి గాలిలో చోటు లేదు. అందుకే మామూలు వాతావరణంలో సమంగా పెరిగి తగ్గే ధ్వనికి సుమారు 194 డెసిబెల్స్ దగ్గర హద్దు పడుతుంది. నీళ్లలో మరో రకం. విరళీకరణం తీవ్రమైతే నీరు తెగి బుడగలు కడుతుంది, వెంటనే వచ్చే సంపీడనానికి అవి పగులుతాయి. కళ్లజోళ్ల షాపుల్లో, నగల షాపుల్లో 40 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనిక్ తొట్టెలు మురికి వదిలించేది ఆ పగుళ్ల దెబ్బతోనే.

లెక్కల్లో జారే చోట్లు

ఎక్కువ మార్కులు పోయేది ఒక్క దగ్గర. ఒక విరళీకరణం నుంచి తర్వాతి విరళీకరణానికి దూరం ఒక తరంగదైర్ఘ్యం. విరళీకరణం నుంచి పక్కనున్న సంపీడనానికి అందులో సగం. 30 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు 349 మీటర్లు, శృతిదండం 500 హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం 349ని 500తో భాగించగా దాదాపు 0.70 మీటర్లు. కాబట్టి పక్కపక్కనున్న సంపీడన, విరళీకరణాల ఎడం 35 సెం.మీ. ప్రశ్నలో ఆ 35 ఇచ్చి పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని ఊగులు) అడిగితే ముందు రెట్టింపు చేయాలి. చేయకపోతే జవాబు 1,000 హెర్ట్జ్ వస్తుంది.

కాలం లెక్కలోనూ ఇదే జారుడు. 500 హెర్ట్జ్‌కు ఆవర్తనకాలం (ఒక ఊగుకు పట్టే కాలం) 2 మిల్లీసెకన్లు. ఒకేచోట నిలబడితే సంపీడనం దాటిన 1 మిల్లీసెకనుకు విరళీకరణం వస్తుంది. వేగం విషయంలో ప్రశ్నపత్రం ఏ అంకె ఇస్తే అదే వాడాలి. ఏమీ ఇవ్వకపోతే 0 డిగ్రీల దగ్గర 331, ఆపైన డిగ్రీకి 0.6 చొప్పున కలుపుకుంటూ పోతే సరిపోతుంది.